ముతక మహారాజు

కోరాపుట్టు,
జూలై 1932

అక్కా,

రామనగుడలో ఆట ముగించుకుని నిన్ననే ఊరు చేరాం. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఆ సంగతి నీకు చెప్పక తప్పదు. ఎందుకంటే అందులో సగం పాపం నీది.

నువ్వు కుట్టి పంపిన ఎర్ర మఖమలు అంగీ వేసుకుని ధర్మకేతు మహారాజుగా నిలబడ్డాను. రెండో రంగం నీకు తెలుసు కదా. రాజు తన మంత్రిని నిలదీసి, "నా రాజ్యంలో మగ్గం చప్పుడు వినిపించని వీధి ఒక్కటున్నా నాకు అన్నం సహించదు" అంటాడు. ఈ ముక్క దగ్గర జనం ఎప్పుడూ కళ్ళొత్తుకుంటారు. నేను ఆ ముక్క చెప్పి, ఠీవిగా వెనక్కి తిరిగి, సింహాసనం వైపు నడిచాను. వెనక నవ్వులు మొదలయ్యాయి.

ముందు వరసలో ఒక బడిపంతులు నా వీపును పైకి చదువుతున్నాడు.

"ఏటి సదూతున్నారు పంతులుగారూ?" అని ఎవరో అడిగారు.

"ఇంగ్లీషు సీమ మిల్లు ముద్రరా. సింహం బొమ్మ కూడా ఉంది. రాజుగోరు ఏడిసేది ఆ మగ్గాల కోసమేనేమో."

ఆ తర్వాత నేను ఏ పద్యం ఎత్తుకున్నా జనం నవ్వారు. యుద్ధంలో నా కొడుకు చచ్చిపోతే కూడా నవ్వారు.

రాత్రంతా బండిలో ఆలోచించాను. నోరు ఒకటి చెప్తూ ఒళ్ళు ఇంకొకటి చెప్తూంటే వాడు నటుడెలా అవుతాడు? ఈ వేషమే నా వృత్తి. దాని మీదే నేను అబద్ధం తొడుక్కుంటే ఇంక నిజం ఎక్కడ తొడుక్కుంటాను? అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట స్టేజీ మీదా, స్టేజీ కిందా, చేత్తో వడికి చేత్తో నేసిన ఖద్దరు తప్ప ఏదీ నా ఒంటిని తాకదు. రాజైనా అంతే, రాజు కిరీటమైనా అంతే.

నీ మీద కోపం లేదు. కానీ ఆ ముద్ర చించెయ్యడం ఎలా మరిచిపోయావు?

తమ్ముడు
వేంకటరమణ


రాయగడ,
ఆగస్టు 1932

తమ్ముడూ,

నేను మరిచిపోలేదు. కావాలనే ఉంచాను. ఆ గుడ్డ మొత్తం మీద బంగారు రంగున్నది ఆ ముద్ర ఒక్కచోటే. అది సరిగ్గా నీ వీపు మధ్యకి వచ్చేటట్టు కొలిచి కొలిచి కుట్టాను. సింహం తలకిందులు కాకుండా చూడ్డానికి ఎంత అవస్థ పడ్డానో నాకు తెలుసు. రాజన్నవాడు జనానికి వీపు చూపించడని అనుకున్నాను. నువ్వెందుకు తిరిగావు?

నీ కొత్త పట్టుదల ఉత్తరంలో చదివి నేను ఊరుకున్నాను గాని మీ బావ ఊరుకోలేదు. ఆయన సంగతి నీకు వేరే చెప్పాలా? ఎస్టేటు ఠాణాలో అమీను పని, జమీందారు శిస్తు కచేరీలో కొలువు. తాసిల్దారు గారికి ఇంగ్లీషులో అర్జీ రాయాలన్నా, దొరలొస్తే మాట తిప్పి చెప్పాలన్నా "అనంతపద్మనాభాన్ని పిలవండి" అంటారు. అలాంటి మనిషిని పట్టుకుని ఠాణాలో ఒకాయన, "మీ బావమరిది ఖద్దరు కట్టాడటగా" అన్నాడట. ఈయన, "అబ్బే, మా ఆవిడకి దూరపు చుట్టం" అన్నారట. ఎంత దూరం అంటే, "కోరాపుట్టంత" అన్నారట.

ఇంటికొచ్చి నాతో చెప్పి, "తప్పేం ఉంది, మధ్యలో కొండ ఘాటీ ఎక్కి దిగాలి కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ముందు ఎత్తుకున్నది నేను.

ఇంటి దగ్గర నీ ఇష్టమొచ్చింది కట్టుకో. స్టేజీ మీద మాత్రం రాజు రాజులా ఉండాలిరా. జనం ఆశగా వచ్చేది మెరుపు చూడ్డానికే. ముతక గుడ్డ వాళ్ళిళ్ళలోనే బోలెడుంది.

అక్క
శ్యామలాంబ


కోరాపుట్టు,
అక్టోబరు 1932

అక్కా,

బావకి నేను దూరపు చుట్టాన్నయినందుకు సంతోషమే. దూరం ఇంకా పెంచమని చెప్పు.

ఖద్దరు అంగీ తయారైంది. దాని బలం నేను ఊహించలేదు. విప్పి నేల మీద పెడితే దానంతటదే నిలబడుతుంది. మన మంత్రి వేషగాడు గురువులు మొన్న వేషాల గదిలో దానికి నమస్కారం పెట్టి, "ఇవాళ రాజుగోరు పెందరాళే తయారయ్యేరు" అన్నాడు. నేను దాని వెనకాల మొహానికి రంగు పూసుకుంటున్నాను. కిరీటానికున్న తళుకు కాగితం పీకేసి దానికీ ఖద్దరు చుట్టాను. తలనొప్పికి గుడ్డ కట్టుకున్నట్టుందని కొందరంటున్నారు. అననీ.

నువ్వు కుట్టిన మఖమలు అంగీని గురువులు తీసుకున్నాడు. సీమ గుడ్డ ఎందుకయ్యా అంటే వాడు చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. "రమణబాబూ, నాను పొద్దు పొడిసిన కాణ్ణుంచి మాసిన గోసీతో తిరుగుతాను. నా మడిసితనం ఆ మూడుగంటల మెరుపులోనే ఉంది. మీ నిజం మీది, నా నిజం నాది" అన్నాడు. 

తెరలు రాసే సోమయాజులు గారికి కూడా ఇప్పుడొక సిద్ధాంతం పుట్టింది. చిత్రకారుడు తన పనినే ఒంటి మీద వేసుకోవాలట. బొత్తాలు లేని తెల్లకోటు తొడుక్కుని, దాని మీద బొత్తాలు, జేబు, జేబులోంచి సగం బయటికొచ్చిన గడియారం, అన్నీ రంగుతో వేసుకున్నారు. టైమెంతయిందని అడిగితే జేబులోకి చూసి నాలుగూ పది అంటారు. ఎప్పుడడిగినా అదే.

దసమంతపూర్ ఆట సంగతి చెప్తాను. మంత్రిగా గురువులు ఎర్ర మఖమలులో రాగానే జనమంతా లేచి దండాలు పెట్టారు. తర్వాత నేను వెళ్ళి, "ఎవరక్కడ?" అని గర్జించాను. "ముందు నువ్వెవలో సెప్పు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను మహారాజునని పద్యంలో చెప్పుకున్నాను. వాళ్ళు నమ్మలేదు. గురువులు జాలిపడి, కథలో లేకపోయినా, "ఔను, ఈయనే రాజుగోరు" అని సాక్ష్యం చెప్పాడు. అప్పుడు నమ్మారు.

నడుమ తెర దించినప్పుడు ఒక ముసలమ్మ ఆనపకాయ బుర్రలో అంబలి పట్టుకొచ్చింది. "తాగు నాయినా. ఆ ఎర్రంగీ ఓడు నీకు కూడు సరీగా ఎడతన్నాడా?" అని అడిగింది. నేను ఆకలిగానే ఉన్నాను, తాగాను. తిరిగి తెర లేచాక నా గొంతు ఎన్నడూ లేనంత బాగా పలికింది. రాజు అడవుల పాలయ్యే రంగంలో జనం గోడుగోడున ఏడ్చారు. రాజన్నవాడు ఏదో పోగొట్టుకుంటున్నాడని వాళ్ళకి మొదటిసారి అనిపించినట్టుంది.

అందుకని నేను మారను.

తమ్ముడు
రమణ


రాయగడ,
డిసెంబరు 1932

రమణా,

ఈసారి వెటకారం లేకుండా రాస్తున్నాను. నువ్వు కూడా అలాగే చదువు.

జనవరిలో కింద మైదానం నుంచి పెద్ద దొర కోరాపుట్టు వస్తున్నాడు. ఆయనకి వినోదంగా మీ నాటకమే వేయించాలని ఎస్టేటు వాళ్ళు నిర్ణయించారు. బాగా ఆడినవాడికి దొర తన చేత్తో వెండి పతకం ఇస్తాడట. ఇదంతా విని నేను ముందు పొంగిపోయాను. తర్వాత తాసిల్దారు గారు మీ బావని పిలిచి తలుపు వేయించారు. "రాజు వేషం వేసేవాడు మీకేమవుతాడో నాకు తెలుసు. దొరగారి ఎదట ఖద్దరు కనిపించిందంటే మీరు మళ్ళీ ఈ ఠాణా గుమ్మం తొక్కరు" అన్నారు. పైగా ఆ రోజు దొర పక్కన కూర్చుని నాటకాన్ని ఇంగ్లీషులో చెప్పే పని కూడా మీ బావకే పెట్టారు.

ఆ రోజు నుంచి ఆయన సరిగ్గా భోజనం చెయ్యడం లేదు. మజ్జిగ పోసుకుని చూస్తూ కూర్చుంటారు. నిన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును, నేను నీ వైపు మాట్లాడేదాన్ని.

ఒక్క పూట. ఆ ఒక్క పూటకి మఖమలు కట్టుకో. ముద్ర లేకుండా కొత్తది కుట్టి పంపిస్తాను. ఇన్నేళ్ళలో నేను నిన్నేమైనా అడిగానా?

అక్క


కోరాపుట్టు,
డిసెంబరు 1932

అక్కా,

 కొత్తది కుట్టకు. పంపితే కట్టుకోవాల్సి వస్తుందేమోనని నాకు భయంగా ఉంది.

ఆ పూటకి రాజు వేషం మానేస్తానని నాటక సమాజం వాళ్ళతో చెప్పాను. ఈ పద్యాలు వచ్చినవాడు ఇంకెవడూ లేడు. గురువుల్ని వెయ్యమంటే, "మంత్రినీ రాజునీ నానే అయితే నన్ను నానే ఎలగొట్టుకోవాలి గదా" అన్నాడు. సోమయాజులు గారైతే రాజును తెర మీద బొమ్మగా వేసిస్తానన్నారు.

నిన్న సబ్ ఇన్‌స్పెక్టరు కన్నారావు గారు మా గదికి వచ్చారు. మంచివాడే. చాప మీద కూర్చుని చాలాసేపు చెమట తుడుచుకున్నాడు, ఇంత చలిలో.

"సూడండి బాబూ, ఖద్దరు కట్టుకోడం నేరం కాదు. దొరగారి కళ్ళ పడ్డం నేరం" అన్నాడు.

"అయితే దొరగారికి గంతలు కట్టండి."

"అలగనకండి. నాకు పిల్లలున్నారు. తాసిల్దారుగోరు నా మీద పెట్టేరు ఈ పని. ఆట మొదలెట్టకముందే గదిలోకొచ్చి మీ అంగీ నానే ఇప్పేస్తాను."

"విప్పండి. లోపల నేనే ఉంటాను."

కాఫీ తాగాడు. లేస్తూ, "మూడో రంగంలో ఏటవుతాది?" అని అడిగాడు. మంత్రి రాజు బట్టలు విప్పించి ఊళ్ళోంచి వెళ్ళగొడతాడని చెప్పాను.

"సూసేరా, మంత్రి ఇప్పితే లేని గొడవ నానిప్పితే ఏటి?" అన్నాడు. అతను హాస్యానికి అనలేదు.

అక్కా, నాకు పట్టుదల ఎక్కువనుకుంటావేమో. అంత లేదు. పొద్దున్న లేచి ఆ ముతక అంగీ చూస్తే నాకే బెంగగా ఉంటోంది. కానీ దసమంతపూర్‌లో అంబలి తాగినవాణ్ణి మళ్ళీ మఖమలులో నిలబడి ఆ మాటలు చెప్పలేను. నోరు తెరుచుకోదు. బావని నన్ను పూర్తిగా కాదనమను. దూరపు చుట్టం అని కూడా ఒప్పుకోవద్దను.

తమ్ముడు


కోరాపుట్టు,
జనవరి 1933

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బావ నీకు ఏం చెప్పాడో తెలియదు. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా దొర మోటారులోనే వెళ్ళిపోయాడు.

షామియానా కింద మధ్యాహ్నమే ఆట పెట్టారు. కన్నారావు గారు అన్న మాట ప్రకారం ముందే వచ్చాడు గాని, వేషాల గదికి తలుపనుకుని సోమయాజులు గారు తెర మీద వేసిన కోట గుమ్మాన్ని తోశాడు. తెర చిరిగింది. సోమయాజులు గారు ఆయన చొక్కా పట్టుకుని, ఆ గుమ్మానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పడం మొదలెట్టారు. అంతలో దొర మోటారు ఘాటీలో ఆగిపోయిందని కబురొచ్చింది. దొర రాడేమోనన్న ఆశతో కన్నారావు గారు నన్నొదిలేశాడు. మేం ఆట మొదలెట్టేశాం.

దొర మూడో రంగంలో వచ్చాడు. పక్కన బావ. నేను అప్పుడు స్టేజీ మధ్యలో నిలబడి ఉన్నాను. గురువులు చెయ్యి చాచి, "విప్పండిరా వీడి రాజవస్త్రాలు" అన్నాడు. వేషంలో ఉన్న ఇద్దరు భటులు కదలబోయారు. సరిగ్గా అప్పుడే కన్నారావు గారు అసలైన టోపీతో, అసలైన బెల్టుతో పరిగెత్తుకుంటూ స్టేజీ ఎక్కాడు. నిజం పోలీసును చూసి మా భటులు పక్కకి తప్పుకున్నారు.

"ఇప్పండి బాబూ, దొరగోరు సూస్తన్నారు" అని అంగీ పట్టుకుని లాగాడు.

పద్యం ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక నాటకంలో మాటే చెప్పాను. "నా బట్టలు తీసుకో. నా మాట నా దగ్గరే ఉంటుంది." జనం చప్పట్లు కొట్టారు. అంగీ వచ్చింది. దాన్ని కింద పెడితే మా పక్కన మూడో మనిషిలా నిలబడింది. దాని కింద చొక్కా ఉంది.

"ఇదీ ఖద్దరేనా?"

"ఇదీ."

అదీ లాగాడు. దాని కింద చేతుల బనీను. అదీ ఖద్దరే. దాని కింద ఇంకొకటి.

"ఇంకెన్నున్నాయి బాబూ?" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"చలిగా ఉంది కన్నారావు గారూ."

ఒక్కొక్కటీ వస్తూంటే జనంలోంచి అయ్యో అయ్యో అని వినిపించింది. ఎవరో, "నీ సేతులిరిగిపోనూ" అని కన్నారావు గారిని తిట్టారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి, చేతిలో నా బనీను పట్టుకుని ఏడ్చేశాడు. "నాకు మాత్రం సరదానేటి? ఈ పని సెయ్యకపోతే రేపు నా టోపీ పీకేస్తారు. నా పిల్లలకి కూడెవలెడతారు?"

ఆ మాట నాటకంలో లేదు. కానీ షామియానా కింద అంత నిశ్శబ్దం నా పద్యాలకి ఎన్నడూ పడలేదు. గురువులు నా చెవి దగ్గరికొచ్చి, "ఈ యేసం ఎవలిచ్చేరు ఈయనకి? నాకు సెప్పనేదే" అని నొచ్చుకున్నాడు.

కన్నారావు గారు చివరికి నా పంచె అంచు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. "ఇది నాను ముట్టుకోను. దొరగోరు ఏటి సేస్తే అది సెయ్యనీ" అని, నిలబడి ఉన్న నా అంగీ వెనక్కి వెళ్ళి మొహం దాచుకున్నాడు.

దొర లేచి చప్పట్లు కొట్టాడు. గట్టిగా, చాలాసేపు. పైకి వచ్చి వెండి పతకాన్ని కన్నారావు గారి చొక్కాకి గుచ్చాడు. పాపం చేస్తూ ఏడ్చే దుర్మార్గుణ్ణి తన దేశంలో కూడా ఎవరూ ఇంత బాగా ఆడలేదన్నాడట. పోలీసు దుస్తులు కూడా అచ్చం నిజంవాటిలా ఉన్నాయని మెచ్చుకున్నాడట. తాసిల్దారు గారు అవునవునని తల ఊపారు. ఇంకేం చెయ్యగలరు?

తర్వాత దొర నా దగ్గరికి వచ్చాడు. వణుకుతూ నిలబడ్డాను. నా పంచె అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, బావని ఏదో అడిగాడు. బావ తాసిల్దారు గారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో మెల్లగా చెప్పాడు. దొర మళ్ళీ అడిగాడు, బావ ఈసారి గట్టిగా చెప్పాడు. దొర పగలబడి నవ్వి, ఏదో అని, నా అంగీ భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఇంగ్లీషు రాదు. నన్ను కాపాడడానికి ఏదో అబద్ధం చెప్పి ఉంటాడు. గోనె గుడ్డనో, కొండవాళ్ళ గుడ్డనో. చెప్పనీ, తప్పు లేదు. ఏం చెప్పాడో మాత్రం కనుక్కుని రాయి. బావ ఉద్యోగం ఉందా?

కన్నారావు గారు పతకంతో వచ్చి, నాలుగో రంగంలో తనకి వేషం ఉందా అని అడిగాడు. లేదన్నాను. "అయితే రాయండి. సెలవు పెడతాను" అన్నాడు. ఆ టోపీ, బెల్టూ తప్ప వేరే కట్టనని షరతు కూడా పెట్టాడు.

తమ్ముడు
రమణ


రాయగడ,
ఫిబ్రవరి 1933

తమ్ముడూ,

  మీ బావ ఇంటికొచ్చిన ఐదో రోజు తాసిల్దారు గారు ఆయన్ని పిలిపించి, "అతను మీకు దూరపు చుట్టమా, బావమరిదా, ఇప్పుడు చెప్పండి" అని అడిగారట. "బావమరిదే. ఆ రోజు దొరగారికీ అదే చెప్పాను" అన్నారట. తాసిల్దారు గారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, బల్ల మీద ఉన్న ఉత్తరం మళ్ళీ చదువుకుని పంపించేశారట. వచ్చే పర్యటనలో మాట తిప్పి చెప్పడానికి రాయగడ అమీనే కావాలని దొర రాశాడట. ఉద్యోగం ఉంది. ఉండడమే కాదు, కదిలించడానికి వీల్లేకుండా ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. నెమ్మదిగా చెప్పారు. నీ పంచె పట్టుకుని దొర, "ఇతనెవరు, ఇతను కట్టుకున్నదేమిటి?" అని అడిగాడట. గోనె గుడ్డ అని చెప్దామనే నోరు తెరిచారట. చలిలో నువ్వు వణుకుతూ కూడా చేతులు ముడుచుకోకుండా నిలబడి ఉన్నావట. అది చూసి ఆయనకి గోనె గుడ్డకి ఇంగ్లీషు మాట తట్టలేదట.

"నా భార్య తమ్ముడండీ. కట్టుకున్నది అతని అభిప్రాయం" అన్నారట.

దొర సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పారట. దానికి దొర, "అభిప్రాయం బాగా మందంగా ఉందే" అని నవ్వాడట.

నీతో మాట్లాడకుండా వచ్చేశారని బాధపడకు. మాట్లాడితే గొంతు వణుకుతుందని భయపడ్డారట, అంతే.

నేను వెటకారం మానేద్దామనుకున్నాను గాని, ఇంట్లో జరుగుతున్నది చెప్పకుండా ఉండలేను. ఆ రోజు నుంచి ఈయన పెరట్లో గోడవైపు తిరిగి ఆ మాటే ఇంగ్లీషులో అంటున్నారు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. తర్వాత నన్ను పిలిచి, ఏది బాగుంది అని అడుగుతారు. నాకు ఇంగ్లీషు రాదంటే, "ఇంగ్లీషు కాదు, నిలబడ్డం చూడు" అంటారు. రెండోది బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది.

నిన్న పొద్దున్న పక్కకి పిలిచి, మీ నాటకంలో రాజసభలో మాట తిప్పి చెప్పే దుబాసీ ఒకడు ఉంటే బాగుంటుందేమో, నీకు రాయమని చెప్పారు. చిన్న వేషమైనా పరవాలేదట. పద్యాలు వద్దట. ఆలోచించు, కాదనకు.

వేషం ఇస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఠాణాకి వేసుకెళ్ళే నల్లకోటుతోనే వస్తారు. మోచేతుల దగ్గర నేను మాసికలు వేసిన ఆ కోటే. అది ఏ మిల్లుదో, ఏ దేశానిదో అడగకు. ఖద్దరు కట్టుకోమని మాత్రం అసలు అనకు. నేను నిన్న నవ్వులాటకి అనేశాను. బొత్తాలు పెట్టుకుంటూ, "ఇది నా అభిప్రాయం శ్యామలా" అన్నారు.

అక్క
శ్యామలాంబ